సాగే దారం

ఆ తొడుగును చూసి ఇన్నమ్మకు ముందు నవ్వొచ్చింది. ఎండాకాలంలో స్కూటీల మీద పోయే ఆడపిల్లలు చేతులు నల్లబడకుండా వేసుకుంటారే, అచ్చం అలాంటిదే. నల్లగా, బిగుతుగా ఉంది. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర, వేళ్ళ కణుపుల మీద మాత్రం మిషను కుట్టు వేసినట్టు బూడిదరంగు గీతలున్నాయి.

“గింతేనా?” అంది.

“ఇంతే ఆంటీ. పనంతా ఆ గీతల్లోనే ఉంది,” అంది జ్యోత్స్న.

ఆ పిల్లది సత్తుపల్లి. హైదరాబాదులో ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు కసరత్తు చేయించే కేంద్రం ఒకటి భద్రాచలంలో ఉంది. వాళ్ళు ఒప్పుకుంటే తన సారుతో కలిసి కొన్నాళ్ళకని వచ్చింది. కేంద్రానికి వచ్చే రోగుల్లో కొందరిని ఎంచుకున్నారు. అందులో ఇన్నమ్మ భర్త షాలేమ్‌రాజు ఒకడు.

జ్యోత్స్న తొడుగు అంచు పట్టి లాగి చూపించింది. అది సాగి, వదలగానే మళ్ళీ ముడుచుకుంది.

“లోపల సన్నటి రబ్బరు దారం ఉంటుంది ఆంటీ. దాని చుట్టూ వెండి పూసిన దారం చుడతాం. మామూలు కరెంటు తీగ సాగదు కదా, లాగితే తెగుద్ది. ఇది సాగుతుంది, సాగినా కరెంటు పోతానే ఉంటది. ఎంత సాగిందో ఫోన్లో గీతలాగా కనబడుద్ది.”

“షాక్ కొట్టదు గద?”

“గడియారం బ్యాటరీ అంత కూడా లేదు.” ఆ పిల్ల నవ్వింది. “కంటికి కనపడని కదలికని కూడా పట్టుకుంటుంది. లోపల కండ కొంచెం బిగిసినా పైన చర్మం జరుగుద్ది కదా, దారానికి అది చాలు. అంకుల్ చెయ్యి మొత్తానికే పడుకుందా, లోపల ఏమన్నా మేలుకుని ఉందా, చూద్దాం.”

షాలేమ్‌రాజు ఎప్పటిలాగే మంచం మీద ఎడమవైపు గోడకేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పటి మీద, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. పాల్వంచ పవర్ స్టేషన్‌లో బొగ్గు బెల్టుల దగ్గర చాలా ఏళ్ళు పనిచేసిన చెయ్యి. గోళ్ళ మూలల్లో ఇంకా నలుపు పోలేదు. ఇన్నమ్మ దాన్ని ఎత్తి పట్టుకోబోయింది.

“చేతులు కడుక్కున్నారా ఆంటీ?”

“సబ్బుతోని కడిగిన బిడ్డా. అయినా మంట పోదు. మిరపకాయ గదా.”

“అయితే వద్దు. అంకుల్‌కి చర్మం మండుద్ది. కారం, నూనె అంటితే దారం కూడా పాడవుద్ది. పొద్దున్నే వచ్చి నేనే తొడుగుతాను, మళ్ళీ నేనే వచ్చి విప్పుతాను. మధ్యలో మీరు తొడుగునిగానీ చేతినిగానీ ముట్టుకోకూడదు.”

“ముట్టనులే.”

జ్యోత్స్న తొడుగును మేజోడులా చుట్టి, ఒక్కో వేలినీ లోపలికి నడిపించింది. కణుపు మీదికి గీత సరిగ్గా వచ్చిందో లేదో ఒంగి చూసుకుంది. జబ్బ దగ్గర అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటి తగిలించింది. ఫోనును తలవైపు స్టూలు మీద పెట్టింది. అందులో ముందు చాలాసేపు ఏమీ ఉండదు, ఆయన ఊరికే పడుకుని ఉండాలి. తరువాత ఆ పిల్ల గొంతే ‘అంకుల్, చెయ్యి ఎత్తండి, వేళ్ళు ముడవండి’ అని చెబుతుంది. ఆయన వాటికి ఏమన్నా శబ్దం చేస్తే తెలియాలి గనక చప్పుడు కూడా రికార్డవుతుంది.

“వస్తాను ఆంటీ, బూర్గంపాడులోనే ఇంకో రెండిళ్ళు ఉన్నాయి,” అని చెప్పులేసుకుంది. పోతూ పోతూ గడపలో ఆగి, “ఆ దారం నా చేత్తో తీసిందే ఆంటీ. ల్యాబులో ఎన్నిసార్లు తెగిందో. మనిషి చేతి మీద వెయ్యడం ఇదే మొదలు,” అంది, దీవించమన్నట్టు.

వరండాలో మిరపకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. అవి పక్కింటి బుల్లెమ్మవి. వాళ్ళు పెద్దల నాడు కోస్తా వైపు నుంచి వచ్చి గోదావరి పక్కన భూములు కొనుక్కున్నవాళ్ళు. ఖమ్మం యార్డుకు పోయే కాయ అలాగే పోతుంది. కారం మిల్లుకు పోయే కాయకు మాత్రం తొడిమలు తీయాలి. ఇన్నమ్మ భర్తను వదిలి చేలల్లోకి కూలికి పోలేదు గనక, బుల్లెమ్మే బస్తాలు ఇంటికి పంపి పోయిస్తోంది.

ఇన్నమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. ఎడమచేతి వేళ్ళతో కాయను పట్టుకుని, కుడి బొటనవేలి గోరుతో తొడిమ కిందికి నొక్కితే టిక్కుమని ఊడి వస్తుంది. కాయ ఒడిలోకి, తొడిమ పక్కకి. తెల్లబడ్డ తాలుకాయ కనబడితే దాన్ని విడిగా గోడవారకి. చేతులు వాటంతట అవే పోతుంటే మనసు మాత్రం లోపలి గదిలో ఉంటుంది.

ఉండబట్టలేక లేచి పోతుంది. “ఏమయ్యా, ఈగలు ముసిరినయా?” అని కొంగు విసురుతుంది. ఇంకాసేపటికి మళ్ళీ పోతుంది. “ఎండ ముదిరింది. ఫ్యాను తిరుగుతుంది గద?” అంటుంది. “బుల్లెమ్మ ఈ ఏడు కాయ మంచిగ తీసింది. ఎర్రగ నిగనిగ లాడుతుంది,” అని చెబుతుంది. అతను గోడకేసే చూస్తాడు. ఆమె తలుపులోంచి వచ్చేది కుడివైపు నుంచి. అతని మొహం ఎప్పుడూ ఎడమవైపు గోడకే తిరిగి ఉంటుంది.

అది ఆయన చేతిలో లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. మెదడులో దెబ్బ తగిలిన వైపుకే చూపు లాక్కుపోతుందట. మాటలు ఎంతవరకు తలకెక్కుతున్నాయో, ఎవరు ఎవరో తెలుస్తోందో లేదో అప్పుడే చెప్పలేమంది. ఇన్నమ్మకు అదంతా అర్థమైంది. అర్థమైనా, గంజి తాగించేటప్పుడు చెంచా పెదవికి ఆనించగానే అతని కళ్ళు తన మీంచి జారి గోడ మీదికి పోతుంటే చెంచాను మళ్ళీ గిన్నెలోకే దించేసేది. నోటివెంట వచ్చేది ఒక్క శబ్దమే. ‘ఆ’ అంటాడు. ఆకలికీ అదే, నొప్పికీ అదే.

మాటలు రాకపోయినా సరే అనుకునేది ఇన్నమ్మ. నడవకపోయినా సరే. తన ఒళ్ళు తుడుస్తున్నది ఎవరో దవాఖానా మనిషి కాదని, ఇన్నమ్మ అని అతనికి తెలిస్తే చాలు. ఆదివారం గుడిలో అందరూ అతను లేచి నడవాలని ప్రార్థన చేస్తుంటే, ఆమె మాత్రం తలవంచుకుని ఈ చిన్న కోరికే కోరుకునేది. పెద్దది అడగాల్సిన చోట చిన్నది అడుగుతున్నందుకు మళ్ళీ సిగ్గుపడేది.

పిల్ల పొద్దున్నే వచ్చి తొడిగేది, ఎండ ఎక్కేవేళకు వచ్చి విప్పేది. ఫోను చూసుకుని పెదవి కొరుక్కునేది. ఒకనాడు ఆ తొడుగు తీసేసి వేరేది తెచ్చింది.

“పాతదానికి ఏమయింది బిడ్డా?”

“ఏం లేదు ఆంటీ. దారంలో ఏదన్నా తేడా ఉందేమోనని.”

తేడా ఏమిటో చెప్పలేదు. సారు కేంద్రానికి రమ్మన్నాడని మాత్రం చెప్పింది.

షాలేమ్‌రాజును ఆటోలోకి ఎక్కించడం ఒక యుద్ధం. బుల్లెమ్మ పాలేరు పగిడయ్య నడుం పట్టి ఎత్తితే, ఇన్నమ్మ కాళ్ళు పట్టుకుని లోపలికి జరిపింది. సారపాక దాటి బ్రిడ్జి ఎక్కేసరికి గోదావరి మీది గాలి మొహానికి కొట్టింది. నవమి దగ్గరపడింది, బస్సులన్నీ నిండుగా పోతున్నాయి. “నీళ్ళు సగానికి సగం తగ్గినయి చూడయ్యా,” అంది ఇన్నమ్మ. అతను రెండోవైపు చూస్తున్నాడు.

జ్యోత్స్న వాళ్ళ సారు జయప్రకాశ్‌ది మెత్తటి గొంతు. కుర్చీ తనే జరిపి, “కూర్చోండమ్మా,” అన్నాడు. చుట్టూ బల్లల మీద తమ వంతు కోసం ఎదురుచూసే రోగులు, వాళ్ళతో వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆయన లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు.

“ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. తొడుగు వేశాక ఆయన చేతిని మీరు కదిలిస్తున్నారా?”

“నేనెందుకు కదిలిస్త సారూ?”

“ఇది చూడండి. ఫోన్ ‘చెయ్యి ఎత్తండి’ అన్నప్పుడు గీత నేలమీద చాప పరిచినట్టు అలాగే ఉంది. ‘వేళ్ళు ముడవండి’ అన్నా అంతే. కానీ ఊరికే పడుకుని ఉండాల్సిన సమయంలో ఇదిగో, లేచింది. మళ్ళీ ఇక్కడ. మళ్ళీ ఇక్కడ.” వేలితో చూపిస్తూ పోయాడు. “దారంలో లోపమేమో అనుకుని తొడుగు మార్చాం. అయినా అంతే. అప్పుడు చప్పుడు పెట్టి విన్నాను. ప్రతిసారీ ముందు మీ మాట వినబడుతోంది, తరువాత గీత లేస్తోంది. మీరు గదిలో లేనంతసేపూ ఏమీ లేదు.”

“మాట్లాడుత సారూ, మాట్లాడకుంట ఎట్లుంట? గని ముట్టలే.”

“కొంతమంది చేస్తారమ్మా. ఎక్కడ వద్దని పంపించేస్తారోనని చేతిని కాస్త జరుపుతారు. ప్రేమతోనే చేస్తారు, నేను తప్పుపట్టను. కానీ దానివల్ల మా పని మొత్తం పాడవుతుంది.”

“దేవుడు చూస్తుండు సారూ. నేను ముట్టలే. ముట్టొద్దని ఆ బిడ్డ చెప్పిన కాన్నుంచి దుప్పటి సుత సర్దలే.”

ఆయన వాదించలేదు. వాదిస్తే బాగుండేది. తల ఊపి, జాలిగా నవ్వి, “పరవాలేదులెండి. ఈ పరీక్షలోంచి ఆయన్ని తీసేస్తున్నాం, అంతే. ఇక్కడి కసరత్తు మామూలుగానే సాగుతుంది,” అన్నాడు. బల్ల మీద కూర్చున్న ఒకావిడ పక్కావిడతో ఏదో గొణిగింది. ఇద్దరూ ఇన్నమ్మ వైపు చూశారు.

జ్యోత్స్న తలెత్తలేదు. చేతిలోని ఛార్జరు వైరును మడతపెడుతూనే ఉంది, విప్పుతూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బ్రిడ్జి మీద ఇన్నమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాకా మాట్లాడలేదు. ఆమెకు కోపం ఎవరి మీదో తెలియలేదు. సారు మీద అనుకుంది. ఆయన చెడ్డవాడుగా కనిపించలేదు. తన నోటి మీదే కోపం వచ్చింది. వినని మనిషితో పిచ్చిదానిలా ఊరికే వాగబట్టే కదా ఇంత మాట పడాల్సి వచ్చింది! మర్నాడు పొద్దున నోరు మెదపకుండా మొహం కడిగింది, నోరు మెదపకుండా గంజి పట్టింది. షాలేమ్‌రాజు ‘ఆ’ అన్నాడు. చెంచా నోట్లో పెట్టింది. మింగి, మళ్ళీ ‘ఆ’ అన్నాడు. ఆకలి కాబోలనుకుని ఇంకాస్త పట్టింది. అతను మింగలేదు. గంజి పెదవి మూలనుంచి కారిపోయింది. తుడిచి, గిన్నె తీసుకుని బయటికి వచ్చేసింది.

తీసిన కాయలు ఎత్తించడానికి బుల్లెమ్మ వచ్చింది. “ఏమైంది ఇన్నమ్మా, మొహం అలా ఉంది?” అంటూ గడప మెట్టు మీద కూర్చుంది.

ఇన్నమ్మ కాయలు తీస్తూనే చెప్పింది. సారు చూపించిన గీతల సంగతి, బల్ల మీది ఆడవాళ్ళు చూసిన చూపు, ఒక్కటీ వదల్లేదు.

“దొంగతనం అంటగట్టినట్టే గద అమ్మా? నేను చాటుగ చెయ్యి గుంజుతున్ననంట. నేను లోపటికి పోయి మాట్లాడంగనే ఆ గీత లేస్తదంట. నేను బయటికొస్తే పండుకుంటదంట. అందుకని నేనే కదిపిననంట. నేను ముట్టనే లేదమ్మా! నేను ముట్టకపోతే మరి...”

తొడిమ కింద గోరు నొక్కి పట్టుకున్న వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

“మరి?” అంది బుల్లెమ్మ.

ఇన్నమ్మ లేచింది. ఒళ్ళోని కాయలన్నీ జారి నేలమీద పడ్డాయి. గుమ్మం దాకా నడిచి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

గదిలో అతను గోడకేసి చూస్తున్నాడు. ఏమయ్యా అని పిలవబోయింది. నోరు రాలేదు. ఇన్నాళ్ళూ గోడతో మాట్లాడినట్టు ఎన్ని మాట్లాడింది! ఈగలు, ఎండ, ఫ్యాను, మిరపకాయల ధర. ఇప్పుడు వింటున్న మనిషితో మాట్లాడాలనేసరికి కొత్త పెళ్ళికూతురిలా సిగ్గు ముంచుకొచ్చింది. పొద్దుటి గంజి గుర్తొచ్చింది. ఆ రెండుసార్లూ అతను ‘ఆ’ అన్నది ఆకలికి కాదేమో. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది.

“ఏడుస్తున్నావా?” అంది బుల్లెమ్మ.

“కారం,” అంది ఇన్నమ్మ.

మిగిలిన సామాను తీసుకుపోవడానికి జ్యోత్స్న మధ్యాహ్నానికి ముందే వచ్చింది. సాయంత్రం బస్సుకు హైదరాబాదు వెళ్ళిపోతుందట. స్టూలు కింద మరిచిపోయిన డబ్బా ఒకటి వెతుక్కుని సంచిలో వేసుకుంది. వెళ్ళొస్తానని చెప్పడానికి మొహం చెల్లక నిలబడింది.

“ఆంటీ, నిన్న నేను మాట్లాడాల్సింది. సార్ ముందు నోరు రాలేదు.”

“గది పోనియ్ బిడ్డా. తొడుగు ఉందా నీ కాడ?”

“ఉంది.”

“ఇంకొక్కపారి తొడుగు. నేను బయటికి పోత. నువ్వు ఈడనే నిలబడి చూడు.”

జ్యోత్స్న ఆమె మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగకుండా సంచి కింద పెట్టింది. ఒక్కో వేలినీ నడిపించి, గీతల్ని కణుపుల మీదికి సర్ది, డబ్బా తగిలించింది. ఇన్నమ్మ వాకిలి దాటి, బుల్లెమ్మ కూర్చున్న మెట్లు దిగి, వీధి గేటు దాకా పోయింది. ఇనుప గేటు ఎండకు కాలుతోంది. రోడ్డు మీద ఎవరో పలకరిస్తే వినిపించుకోలేదు. ఆమెకు ఒకటే భయం. ఏమీ లేవకపోతే? సారు మొదట అనుకున్నట్టు అది దారంలో లోపమే అయితే? ఇప్పుడే తెలిసిన ఈ కాస్త కూడా పోతే రేపటినుంచి ఆ గదిలోకి ఎలా పోవడం? లోపలికి పోకుండా ఇక్కడే నిలబడిపోతే బాగుండుననిపించింది.

“వెళ్ళవమ్మా,” అంది బుల్లెమ్మ మెట్టు మీంచి.

ఇన్నమ్మ నడిచింది. గడప లోపల అడుగుపెట్టి, మంచానికి దూరంగా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. చివరికి, “ఏమయ్యా,” అంది. “పొద్దున కోపంల ఉంటి. నీ మీద కాదు.”

అతని మొహం గోడవైపే ఉంది. చెయ్యి దుప్పటి మీద అలాగే పడి ఉంది. ఇన్నమ్మ ఒక్కో వేలినీ చూసింది. ఏదీ కదలలేదు.

“ఆంటీ,” అంది జ్యోత్స్న.

ఫోను తిప్పి చూపించింది. గీత లేచి ఉంది. చీమలు పెట్టిన మట్టికుప్ప అంత. మెల్లగా దిగింది. మళ్ళీ, ఎవరో కింద నుంచి వేలితో నెట్టినట్టు లేచింది.

“మీరు గుమ్మంలో ఉన్నప్పుడే మొదలైంది,” అంది జ్యోత్స్న. “ఇంకా మాట్లాడకముందే. అడుగుల చప్పుడుకే.”

ఇన్నమ్మ ఫోను వంక ఎక్కువసేపు చూడలేదు. అతని వంకే చూసింది. మెడ మీద చెమట పట్టి ఉంది. చెవి వెనక నెరిసిన వెంట్రుకలు దిండుకు నలిగి ఉన్నాయి. లోపల ఎవరూ లేరనుకుంటూనే ఇన్నాళ్ళూ బయట నిలబడి తలుపు కొట్టినట్టు, లోపలి మనిషి గడియ తియ్యలేక అటునుంచి తనూ కొడుతూనే ఉన్నట్టు అనిపించింది.

జ్యోత్స్న వరండాలోకి పోయి సారుకు ఫోను చేసింది. చాలాసేపు మాట్లాడింది. మొదట గట్టిగా, తరువాత మెల్లగా. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“సార్ నమ్మారు ఆంటీ. మీకు క్షమాపణ చెప్పమన్నారు. కానీ పేరు మళ్ళీ చేర్చడం కుదరదంట. చెయ్యి ఎత్తమన్నప్పుడు ఎత్తాలి, ముడవమన్నప్పుడు ముడవాలి. మేం చూసేది అదే కదా. ఇది వేరే అంటున్నారు.”

“వేరేనే బిడ్డా,” అంది ఇన్నమ్మ. తొడుగు వంక చూసి, “గీ తొడుగు ఉంచి పోరాదు?” అంది.

ఆ పిల్ల మొహం చూసి ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది. “కాలేజీది ఆంటీ. లెక్కపెట్టి ఇచ్చారు,” అంది జ్యోత్స్న. “నాదైతే...”

“సరే సరే. అవ్, నీదైతే ఇస్తవు, నాకు తెల్వదా? తియ్.”

జ్యోత్స్న తొడుగును వేళ్ళ దగ్గర్నుంచి లాగకుండా, జబ్బ నుంచి మెల్లగా చుట్టుకుంటూ తీసింది. దారాలు వదిలిన గుర్తులు అతని చర్మం మీద సన్నగా మిగిలాయి. కాసేపటికి అవీ పోయాయి.

ఆ పిల్ల వెళ్ళిపోయాక ఇన్నమ్మ వరండాలో చెల్లాచెదురైన కాయలన్నీ ఏరి మళ్ళీ పనిలో కూర్చుంది. కూర్చున్నంతసేపు పట్టలేదు, లేచింది.

“నీళ్ళు తాగుతవా?” అని అడిగి, తాగించి వచ్చింది. నాలుగు కాయలు తీసింది. లేచింది. “పిల్ల పోయిందయ్యా. మంచి పిల్ల,” అని చెప్పి వచ్చింది. కూర్చుంది, లేచింది. కిటికీ రెక్క తెరిచి వచ్చింది. ఎండ పడుతోందని మళ్ళీ పోయి మూసి వచ్చింది. గేటు దగ్గరికి ఎవరూ రాకపోయినా, “ఎవరో వచ్చిన్రనుకున్న, ఎవరూ లేరు,” అని చెప్పింది.

“ఏందమ్మా ఆ తిరుగుడు?” అంది బుల్లెమ్మ, బస్తా మూతి కుడుతూ.

“పనుంది.”

బుల్లెమ్మ నవ్వి మళ్ళీ సూదిలోకి తల వంచింది.

ఇన్నమ్మ ఇంకోసారి లేచింది. ఈసారి చెప్పడానికి నీళ్ళూ లేవు, కిటికీ లేదు, గేటూ లేదు. అడుగులు కాస్త చప్పుడయ్యేలా వేస్తూ గడప దాటి, అతని కుడిచేతి పక్కన నిలబడింది. అతను గోడకేసి చూస్తున్నాడు. చెయ్యి దుప్పటి మీద ఉంది. దాని మీద ఇప్పుడు తొడుగు లేదు, చూపించడానికి గీతా లేదు.

“నేనే,” అంది.

చెప్పి, తొందరేమీ లేనట్టు అక్కడే నిలబడింది.